చేతి సైగలను పట్టే రేడియో పట్టీ: మొదటి యాంటెన్నా నుంచి చేతికి కట్టే దాకా

ముందు ఒక చిన్న పని చేయండి. ఎడమ మణికట్టును కుడి చేత్తో గట్టిగా పట్టుకుని, ఎడమ చేతి వేళ్లను ఒక్కొక్కటిగా మడవండి. అరచేతి వైపు, మణికట్టు ముడతకు కాస్త కింద, చర్మం అడుగున తాళ్లు జారుతున్నట్టు తెలుస్తుంది. వేళ్లను గట్టిగా మడిచే కండరాలు వేళ్లలో లేవు, ముంజేతిలో ఉన్నాయి. అక్కడి నుంచి 9 టెండాన్లు, అంటే మనం మాటల్లో నరాలు అనేసేవి, మణికట్టులోని ఒక ఇరుకు సొరంగం గుండా వేళ్లకు వెళ్తాయి. వేలు కదిలిన ప్రతిసారీ ఆ చోట మాంసం, కొవ్వు, నీరు కాస్త అటూ ఇటూ సర్దుకుంటాయి.

మీ కుడి చేతికి తెలిసిన ఆ సర్దుబాటును రేడియో తరంగంతో తెలుసుకోవడమే మనం చేయబోయే పరికరం పని. కెమెరా అక్కర్లేదు, గ్లౌజు అక్కర్లేదు. చీకట్లో, చొక్కా చేతుల కింద కూడా పనిచేస్తుంది. కష్టమంతా ఇంకోచోట ఉంది, అది నాలుగో అడుగులో వస్తుంది.

మొదటి అడుగు: ఏ దారిలో వెళ్లాలో తేల్చుకోండి

చేయి దగ్గరికొస్తే రేడియో సర్క్యూట్ ప్రవర్తన మారుతుందన్న సంగతి పాతదే. 1920 ప్రాంతంలో లెవ్ థెరమిన్ చేసిన వాయిద్యం దాని మీదే నడుస్తుంది. చేయి తగలకుండా, గాల్లో ఆడిస్తే చాలు, స్వరం మారుతుంది. ఇప్పుడు మీ ముందున్నవి ముఖ్యంగా రెండు దారులు.

ఒకటి రాడార్. గూగుల్ 2015లో చూపించిన సోలి ఈ రకం. 60 గిగాహెర్ట్జ్ దగ్గర పనిచేస్తుంది, 2019లో పిక్సెల్ 4 ఫోన్‌లో పెట్టారు. రాడార్ చిప్ కొనబోయే ముందు ఒక లెక్క వేసుకోండి. రెండు వస్తువులను దూరాన్ని బట్టి విడిగా చూడాలంటే వాటి మధ్య ఉండాల్సిన కనీస దూరం, కాంతి వేగాన్ని బ్యాండ్‌విడ్త్‌కు, అంటే వాడే ఫ్రీక్వెన్సీల వెడల్పుకు, రెట్టింపుతో భాగిస్తే వస్తుంది. 24 గిగాహెర్ట్జ్ దగ్గర లైసెన్స్ లేకుండా వాడుకునే ఐఎస్ఎం బ్యాండ్ వెడల్పు 250 మెగాహెర్ట్జ్ మాత్రమే. లెక్క కడితే 60 సెంటీమీటర్లు! అంటే చేయి మొత్తం ఒక ముద్దలా కనిపిస్తుంది. 60 గిగాహెర్ట్జ్ దగ్గర 5.5 గిగాహెర్ట్జ్ వెడల్పు వాడుకునే చిప్‌తో ఇది 2.7 సెంటీమీటర్లకు దిగుతుంది. అప్పటికీ రెండు పక్క వేళ్లు విడిగా తేలవు. అందుకే ఆ తరహా రాడార్లు దూరం కంటే వేగం మీద, అంటే డాప్లర్ (కదిలే వస్తువు వల్ల తిరిగొచ్చే ఫ్రీక్వెన్సీలో వచ్చే మార్పు) మీద ఎక్కువ ఆధారపడతాయి. సెకనుకు 1 మీటరు వేగంతో కదిలే వేలు 60 గిగాహెర్ట్జ్ దగ్గర 400 హెర్ట్జ్ డాప్లర్ ఇస్తుంది. చేయి ఊపడం, వేలితో తోయడం లాంటివి దీంతో బాగా పట్టుకోవచ్చు. కదలకుండా పట్టుకున్న పిడికిలి మాత్రం డాప్లర్‌కు కనపడదు.

రెండోది మణికట్టుకే యాంటెన్నా కట్టి, అది వెనక్కి తిప్పికొట్టే సిగ్నల్ ఎలా మారుతోందో చూడడం. రేడియో వాళ్లు దీన్ని ఎస్11 అంటారు. పంపిన సిగ్నల్‌లో ఎంత తిరిగొచ్చింది, ఏ ఫేజ్‌తో, అంటే అల ఏ దశలో ఉండగా వచ్చింది అని చూస్తారు. కదలని భంగిమ కూడా తెలుస్తుంది, ఖర్చు తక్కువ, సర్క్యూట్ ఇంట్లో సోల్డర్ చేసుకోవచ్చు. మొదటిసారి చేసేవాళ్లకు నా సలహా ఇదే. ఇక్కడి నుంచి అంతా దీని గురించే.

రెండో అడుగు: ఫ్రీక్వెన్సీ

ఫ్రీక్వెన్సీ పెరిగే కొద్దీ తరంగం ఒంట్లోకి దిగే లోతు తగ్గుతుంది. కండరంలో అది 433 మెగాహెర్ట్జ్ దగ్గర 5 సెంటీమీటర్ల దాకా, 915 దగ్గర 4 సెంటీమీటర్ల దాకా, 2.45 గిగాహెర్ట్జ్ దగ్గర సుమారు 2.2 సెంటీమీటర్లు దిగుతుంది. 60 గిగాహెర్ట్జ్‌లో చర్మం దాటదు. మనకు కావలసిన టెండాన్లు మణికట్టు దగ్గర చర్మానికి కొద్ది మిల్లీమీటర్ల కిందే ఉంటాయి కాబట్టి 2.2 సెంటీమీటర్లు ధారాళంగా సరిపోతుంది.

ఇంకో సంగతి కూడా మనకు కలిసొస్తుంది. 1996లో గాబ్రియేల్ బృందం ప్రచురించిన కొలతల ప్రకారం 2.45 గిగాహెర్ట్జ్ దగ్గర కండరం పర్మిటివిటీ (విద్యుత్ క్షేత్రానికి పదార్థం ఎంత స్పందిస్తుందో చెప్పే అంకె) సుమారు 53, కొవ్వుది సుమారు 5. పది రెట్ల తేడా. కొవ్వు పక్కన కండరం ఒక మిల్లీమీటరు జరిగినా యాంటెన్నాకు తెలుస్తుందంటే కారణం ఇదే.

పైగా 2.4 గిగాహెర్ట్జ్ బ్యాండ్ 83.5 మెగాహెర్ట్జ్ వెడల్పుంది, తక్కువ పవర్‌తో దాదాపు అన్ని దేశాల్లోనూ లైసెన్స్ లేకుండా వాడుకోవచ్చు. వైఫై రొద ఉంటుంది, దాని సంగతి తర్వాత చూద్దాం. 2405, 2430, 2455, 2480 మెగాహెర్ట్జ్ అని నాలుగు చోట్లు ఎంచుకోండి. ఒక్క ఫ్రీక్వెన్సీతో సరిపెట్టుకుంటే, పట్టీ కాస్త బిగుసుకున్నప్పుడు రెసొనెన్స్ (యాంటెన్నా బాగా స్పందించే ఫ్రీక్వెన్సీ) పక్కకు జరిగిపోయి సెన్సర్ మొద్దుబారుతుంది. నాలుగుంటే ఏదో ఒకటి, చిన్న మార్పుకే కొలత బాగా మారే వాలు మీద ఉంటుంది.

మూడో అడుగు: యాంటెన్నా, మొదటి కొలత

యాంటెన్నా పుస్తకాలు చదివినవాళ్లు ఇక్కడ ఒక అలవాటు వదులుకోవాలి. మామూలుగా యాంటెన్నాను ఒంటి ప్రభావం పడకుండా డిజైన్ చేస్తాం. ఇక్కడ ఒళ్లే దాన్ని చెడగొట్టాలి, ఎంత చెడగొట్టిందో మనం కొలవాలి. దూరానికి బాగా ప్రసారం చేసే యాంటెన్నా ఈ పనికి పనికిరాదు. పక్కనున్న మనిషి నడిచినా దానికి తెలిసిపోతుంది.

రాగి టేపు తీసుకోండి. 4 మిల్లీమీటర్ల వెడల్పు, 25 మిల్లీమీటర్ల పొడవుతో రెండు ముక్కలు కత్తిరించండి. పల్చటి పాలీఇమైడ్ షీటు మీద, అంటే బంగారు రంగులో ఉండే ఆ వేడి తట్టుకునే టేపు మీద, రెండింటినీ ఒకే వరసలో, మధ్యలో 2 మిల్లీమీటర్ల సందు వదిలి అతికించండి. సన్నటి కోయాక్స్ కేబుల్ (టీవీ కేబుల్ లాంటిది) లోపలి తీగను ఒక ముక్కకు, దాని చుట్టూ ఉండే తీగల అల్లికను, అంటే జల్లెడను, రెండో ముక్కకు సోల్డర్ చేయండి. సోల్డరింగ్ ఐరన్ ఎక్కువసేపు ఆనిస్తే టేపు జిగురు కరిగి రాగి లేచిపోతుంది, రెండు సెకన్లలో పని ముగించండి. పైన ఇంకో పొర పాలీఇమైడ్, చర్మం వైపు 1.5 మిల్లీమీటర్ల ఫోమ్. రాగి నేరుగా చర్మానికి తగిలితే చెమటతో షార్ట్ అవుతుంది, ఏ ఫ్రీక్వెన్సీలో ఎంత సిగ్నల్ తిరిగొచ్చిందో చూపే కర్వ్‌లో లోయ అనేదే ఉండదు.

దీన్ని అరచేతి వైపు, మణికట్టు ముడత నుంచి మోచేతి వైపుకు రెండు వేళ్ల వెడల్పు దూరంలో, ముంజేతి పొడవు దిశలో పెట్టండి. ఎస్11ను కొలవడానికి నానోవీఎన్ఏ లాంటి చిన్న వెక్టర్ నెట్‌వర్క్ ఎనలైజర్ ఉంటే చాలు. కాకపోతే 3 గిగాహెర్ట్జ్ దాకా కొలిచే రకం తీసుకోండి, పాత మోడల్ 900 మెగాహెర్ట్జ్‌తో ఆగిపోతుంది. కేబుల్ చివర ఓపెన్, షార్ట్, లోడ్ పెట్టి కాలిబ్రేట్ చేసి, 2 నుంచి 3 గిగాహెర్ట్జ్ దాకా చూడండి. ఎక్కడో ఒక లోయ, అంటే సిగ్నల్ అతి తక్కువగా తిరిగొచ్చే చోటు, కనిపిస్తుంది. చేతికి కట్టినప్పుడు లోయ కిందికి, అంటే తక్కువ ఫ్రీక్వెన్సీకి జారుతుంది. 2.44 దగ్గరికి వచ్చేదాకా రాగి ముక్కల చివర్లను బ్లేడుతో సమానంగా, ఒక్కో మిల్లీమీటరు చొప్పున కోస్తూ రండి. చేతికి కట్టి చూడడం, విప్పి కోయడం, మళ్లీ కట్టడం. అరగంట పని. చేతి మీద ఉండగా బ్లేడు పెట్టొద్దని వేరే చెప్పక్కర్లేదనుకుంటా.

ఇప్పుడు పిడికిలి బిగించండి. లోయ జరుగుతుంది, లోతూ మారుతుంది. చూడగానే భలే ఉత్సాహం వస్తుంది. కాస్త ఆగండి.

మొదటిసారి నేను ఇలాగే మురిసిపోయి, ఐదు వేళ్లకూ ఐదు రకాల మార్పులు రాసుకున్నాను. తర్వాత చేయి కదపకుండా, కేబుల్‌ను మాత్రం వేలితో కాస్త పక్కకు నెట్టాను. కర్వ్ అంతే జరిగింది. రెండు పూటల కొలతలు చెత్తబుట్టలోకి. జరిగిందేమిటంటే, ఇలా రెండు ముక్కలుండే యాంటెన్నాకు, అంటే డైపోల్‌కు, కోయాక్స్‌ను నేరుగా కలిపితే కేబుల్ జల్లెడ బయటి వైపున కూడా కరెంటు పారుతుంది. కేబులే యాంటెన్నాలో భాగమైపోతుంది. వేళ్లు కదిపినప్పుడు ముంజేయి కదిలింది, ముంజేయితో కేబుల్ కదిలింది, నేను కొలిచింది దాన్ని. యాంటెన్నా దగ్గరే కేబుల్‌కు ఆ బయటి కరెంటును ఆపే ఫెర్రైట్ పూసలు చిన్నవి రెండు మూడు ఎక్కించండి, కేబుల్‌ను మోచేయి దాకా టేపుతో అంటించండి. తర్వాత ఈ పరీక్ష చేయండి: వేళ్లు కదలకుండా కేబుల్ ఊపితే వచ్చే మార్పు, కేబుల్ కదలకుండా చూపుడువేలు మడిస్తే వచ్చే మార్పులో పదో వంతుకు మించకూడదు. మించితే ముందుకు వెళ్లకండి.

ఇది తేలాక అలాంటివి నాలుగు చేయండి. రెండు అరచేతి వైపు, పక్కపక్కన. ఒకటి బొటనవేలి వైపు. ఒకటి వెనక, వేళ్లను చాపే టెండాన్లు ఉన్నచోట. నాలుగూ ముంజేతి పొడవు దిశలోనే ఉండాలి.

సర్క్యూట్

ఎనలైజర్‌ను చేతికి కట్టుకుని తిరగలేం కదా. దాని పని చేసే చిన్న బోర్డు కావాలి. సులువుగా దొరికే మాడ్యూళ్లతో ఇలా కట్టుకోవచ్చు: సిగ్నల్ పుట్టించడానికి ఏడీఎఫ్4351 సింథసైజర్, దాని తర్వాత 2.4 గిగాహెర్ట్జ్ చుట్టుపక్కలవి మాత్రమే వదిలే బ్యాండ్‌పాస్ ఫిల్టర్, ఆపై వెళ్లే సిగ్నల్‌నూ తిరిగొచ్చేదాన్నీ విడదీసే డైరెక్షనల్ కప్లర్, నాలుగు దారుల ఆర్ఎఫ్ (రేడియో సిగ్నల్) స్విచ్, స్విచ్ చివర నాలుగు యాంటెన్నాలు. కప్లర్ నుంచి వచ్చే రెఫరెన్స్‌ను, తిరిగొచ్చిన సిగ్నల్‌ను ఏడీ8302కు ఇవ్వండి. ఈ చిప్ రెండింటినీ పోల్చి, బలంలో తేడాను ఒక పిన్ను మీద డీబీకి (డెసిబెల్‌కు) 30 మిల్లీవోల్టులు, ఫేజ్ తేడాను ఇంకో పిన్ను మీద డిగ్రీకి 10 మిల్లీవోల్టుల చొప్పున చెబుతుంది. 2.7 గిగాహెర్ట్జ్ దాకా పనిచేస్తుంది. ఆ రెండు వోల్టేజీలనూ మైక్రోకంట్రోలర్‌లోని ఏడీసీ, అంటే వోల్టేజీని అంకెగా మార్చే భాగం, చదువుకుంటుంది. 3.6 వోల్టుల రేంజ్‌తో 12 బిట్ల ఏడీసీ అయితే ఒక్కో మెట్టు 0.9 మిల్లీవోల్టు, అంటే 0.03 డీబీ, ఇంచుమించు 0.1 డిగ్రీ. మనకు చాలు.

ఫిల్టర్ అనవసరమని తీసేయకండి. ఆ సింథసైజర్ ఔట్‌పుట్‌లో హార్మోనిక్స్, అంటే అసలు ఫ్రీక్వెన్సీకి రెండు, మూడు రెట్ల దగ్గర వచ్చే అదనపు సిగ్నళ్లు, దండిగా ఉంటాయి, ఏడీ8302 వాటినీ కలిపి చదివేస్తుంది.

ఏడీ8302తో ఇంకో చిక్కుంది. అది ఫేజ్‌ను 0 నుంచి 180 డిగ్రీల మధ్యే చెబుతుంది, గుర్తు చెప్పదు. +20 డిగ్రీలకూ -20 డిగ్రీలకూ ఒకే వోల్టేజీ. పని చేసే చోటు 0 దగ్గరో 180 దగ్గరో పడితే, వేలు మడిచినా చాపినా ఒకేలా కనిపించి పిచ్చెక్కుతుంది. మందు సులువే. రెఫరెన్స్ దారిలో కేబుల్ పొడవు మార్చి, చేయి వదులుగా ఉన్నప్పుడు ఫేజ్ పిన్ను 0.9 వోల్టుల దగ్గర, అంటే 90 డిగ్రీల దగ్గర ఉండేలా చూసుకోండి. 2.45 గిగాహెర్ట్జ్‌లో మామూలు కోయాక్స్‌లో ఒక్క మిల్లీమీటరు సుమారు 4 డిగ్రీలు. రెండు ఇన్‌పుట్లనూ అటెన్యుయేటర్లతో (సిగ్నల్‌ను తగ్గించే ముక్కలతో) -30 డీబీఎం, అంటే మిల్లీవాట్‌లో వెయ్యో వంతు పవర్ చుట్టుపక్కలకు తెస్తే చిప్ హాయిగా ఉంటుంది.

నాలుగు యాంటెన్నాలు, నాలుగు ఫ్రీక్వెన్సీలు, మొత్తం 16 కొలతలు. ఒక్కోదానికి 1 మిల్లీసెకను ఇస్తే 16 మిల్లీసెకన్లకు ఒక ఫ్రేమ్, అంటే సెకనుకు సుమారు 60 ఫ్రేములు, ఒక్కో ఫ్రేములో 32 అంకెలు. చేతి కదలికలకు ఇది ఎక్కువే.

వైఫై రొద గురించి చెప్తానన్నాను. ఏడీ8302కు ఏది మన సిగ్నలో ఏది పరాయిదో తెలియదు. ప్రతి కొలతనూ మూడుసార్లు చదివి మధ్యస్థ విలువ తీసుకోండి, వైఫై నుంచి ఉన్నట్టుండి వచ్చిపడే రొద చాలావరకు పోతుంది. మీ బోర్డులోని బ్లూటూత్ దానికంటే పెద్ద దొంగ, పక్కనే కూర్చుని అరుస్తుంది. కొలతలన్నీ అయ్యాకే డేటా పంపేలా ఫర్మ్‌వేర్ రాయండి.

నాలుగో అడుగు: పట్టీ

ప్రాజెక్టులు చచ్చేది ఇక్కడే. యాంటెన్నా రెండు మిల్లీమీటర్లు పక్కకు జరిగితే వచ్చే మార్పు, ఉంగరపు వేలు మడిస్తే వచ్చే మార్పు కంటే పెద్దది. కాబట్టి సర్క్యూట్ మీద పెట్టిన శ్రద్ధకు రెట్టింపు ఇక్కడ పెట్టండి.

సాగే బట్ట పట్టీ, 50 మిల్లీమీటర్ల వెడల్పు. సన్నటి వాచీ పట్టీ చేయి చుట్టూ తిరుగుతుంది, వెడల్పాటిది తిరగదు. అంచుల్లో లోపలి వైపు సన్నటి సిలికాన్ గీత ఉన్న రకం దొరికితే ఇంకా మంచిది, చర్మాన్ని పట్టుకుంటుంది. మణికట్టు చిటికెనవేలి వైపున్న ఎముక గుబ్బ మీదికి వచ్చేలా పట్టీ మీద ఒక కుట్టు గుర్తు పెట్టుకోండి. ప్రతిసారీ గుర్తు అక్కడికే రావాలి. బిగింపు కూడా ప్రతిసారీ ఒకేలా ఉండాలంటే, వెల్‌క్రో మీద పెన్నుతో గీత గీసేయండి. తమాషాగా అనిపిస్తుంది గానీ నాకు మోడల్ (సైగను గుర్తుపట్టే ప్రోగ్రాం) మార్చినదాని కంటే ఆ గీత వల్లే ఎక్కువ లాభం వచ్చింది.

యాంటెన్నాల మధ్య పట్టీ సాగాలి, యాంటెన్నా ఉన్న చోట సాగకూడదు. అందుకే ఒక్కో యాంటెన్నా వెనక పల్చటి ప్లాస్టిక్ ముక్క కుట్టండి. కేబుళ్లను పాములా వంకరగా వేస్తే సాగినప్పుడు సోల్డర్ ఊడదు.

ఎంత చేసినా చిన్న తేడా మిగులుతుంది, చెమట వల్లా కొలతలు నెమ్మదిగా జారుతుంటాయి. దానికి సాఫ్ట్‌వేర్ మందు ఉంది. కట్టుకున్న ప్రతిసారీ రెండు సెకన్లు చేయి వదులుగా పెట్టించి ఆ 32 అంకెలను సున్నాగా రాసుకోండి. తర్వాత ఒక్క పిడికిలి బిగించమనండి, అప్పుడు వచ్చిన తేడాను కొలబద్దగా వాడి మిగతా అన్నిటినీ దాంతో భాగించండి. చేయి చాలాసేపు కదలకుండా ఉన్నప్పుడల్లా సున్నాను నెమ్మదిగా సవరించుకోండి. చేయి కదలట్లేదని చెప్పడానికి కదలికను పట్టే చిప్, అంటే యాక్సిలరోమీటర్, ఒకటి ఎలాగూ కావాలి. ముంజేయి తిరగడం, మణికట్టు వంగడం కూడా కొలతలను మారుస్తాయి కాబట్టి దాని అంకెలను మోడల్‌కు కూడా ఇవ్వండి.

ఐదో అడుగు: డేటా, మోడల్

ఆరు సైగలతో మొదలుపెట్టండి: పిడికిలి, అరచేయి చాపడం, చూపుడువేలితో చూపడం, బొటనవేలికి చూపుడువేలు తాకించడం, బొటనవేలికి నడిమి వేలు తాకించడం, మణికట్టు పైకి వంచడం. ఉంగరపు వేలు, చిటికెనవేలు కలిసే కదులుతాయి. వాటిని విడదీయాలని మొదట్లోనే ఆశపడకండి. వీటన్నిటి కంటే ముఖ్యమైన ఏడో తరగతి ఇంకోటి ఉంది, 'ఏదీ కాదు'. కప్పు ఎత్తడం, టైప్ చేయడం, తల గోక్కోవడం, తలుపు తీయడం, జేబులో చేయి పెట్టడం అన్నీ అందులోకే. దీని డేటా మిగతా ఆరింటికంటే ఎక్కువుండాలి.

రికార్డ్ చేసేటప్పుడు ఒకే విడతలో రెండు వందలసార్లు పిడికిలి బిగిస్తే పనికి రాదు. పదేసి చొప్పున చేయండి, పట్టీ పూర్తిగా విప్పేయండి, కాసేపు తిరిగి రండి, మళ్లీ కట్టుకుని చేయండి. ఇలా కనీసం పదిసార్లు, మూడు నాలుగు రోజుల్లో. కూర్చుని, నిలబడి, చేయి కిందికి వేలాడేసి, బల్ల మీద పెట్టి. చేతి మీద చెమట ఉన్నప్పుడు ఒకసారి, కడుక్కుని తుడుచుకున్నాక ఒకసారి.

పరీక్షకు డేటా విడదీసేటప్పుడు అన్నీ కలిపేసి లాటరీ తీసినట్టు విడదీయకండి. అలా చేస్తే ఒకే కట్టులోని, అంటే పట్టీ ఒకసారి కట్టి విప్పేలోపు తీసిన ఫ్రేములు, నేర్పే డేటాలోకీ పరీక్ష డేటాలోకీ చేరి మార్కులు దివ్యంగా వస్తాయి, మర్నాడు కట్టుకుంటే పరికరం మిమ్మల్ని గుర్తు కూడా పట్టదు. తొమ్మిది కట్లతో నేర్పి పదో కట్టుతో పరీక్షించండి, ఒక్కో కట్టునూ వంతులవారీగా బయట పెట్టండి. ఇతరుల చేతులకూ పని చేయాలంటే అదే పద్ధతి మనుషులతో: ఒక మనిషి డేటాను పూర్తిగా పక్కన పెట్టి చూడండి. అంకె కచ్చితంగా పడిపోతుంది. చేతి లావు, కొవ్వు పొర మందం అందరికీ ఒకేలా ఉండవు. కొత్త మనిషికి ఒక్కో సైగ ఐదుసార్లు చేయించి మోడల్‌ను సర్దితే చాలావరకు కోలుకుంటుంది.

మోడల్ విషయంలో ఎక్కువ ఆలోచించకండి. ఒక్కసారికి అరసెకను కిటికీ, అంటే 30 ఫ్రేములు చూస్తే చాలు. ప్రతి చానెల్‌కు, అంటే ఫ్రేములోని ఒక్కో అంకెకు, సగటు, చివరి విలువలోంచి మొదటిది తీసేస్తే వచ్చే తేడా, ఎంత ఊగింది అన్న మూడు అంకెలు తీసి ఎల్‌డీఏకో రాండమ్ ఫారెస్ట్‌కో (రెండూ వర్గాలుగా విడదీసే సులువైన పద్ధతులు) ఇవ్వండి. ఇది సరిగ్గా పని చేయకపోతే న్యూరల్ నెట్‌వర్క్ పెట్టే ముందు పట్టీని మళ్లీ చూసుకోండి, తొంభై పాళ్లు తప్పు అక్కడే ఉంటుంది.

కరెంటు, ఒంటికి భద్రత

ఏడీఎఫ్4351 ఒక్కటే 100 మిల్లీఆంపులకు పైగా తాగుతుంది. 200 ఎంఏహెచ్ బ్యాటరీ రెండు గంటలు కూడా రాదు. యాక్సిలరోమీటర్ కదలిక చూసినప్పుడే సింథసైజర్‌ను లేపండి. రోజంతా నడిచే వస్తువు కావాలంటే చివరికి ఈ చిప్‌ను వదిలి, తక్కువ కరెంటు తాగే రేడియో చిప్‌కు మారక తప్పదు. ఇది నేర్చుకోవడానికి పనికొచ్చే బోర్డు.

రేడియేషన్ అంటే ఇంట్లోవాళ్లకు టెన్షన్ ఉంటుంది, లెక్క చూపించండి. చేతులు, మణికట్ల లాంటి భాగాలకు సాధారణ ప్రజల విషయంలో అంతర్జాతీయ మార్గదర్శకాల పరిమితి 10 గ్రాముల కణజాలం సగటున కిలోకు 4 వాట్లు. మీ యాంటెన్నాకు వెళ్లేది 1 మిల్లీవాట్ అనుకుందాం. అదంతా, ఒక్క బొట్టు పోకుండా, 10 గ్రాముల మాంసంలోనే ఇంకిపోయినా కిలోకు 0.1 వాట్. పరిమితిలో నలభయ్యో వంతు. నిజానికి భయపడాల్సింది లిథియం బ్యాటరీ గురించి. రక్షణ సర్క్యూట్ ఉన్నదే వాడండి, చర్మానికీ దానికీ మధ్య గట్టి ప్లాస్టిక్ ఉంచండి. అమ్మే ఉద్దేశం ఉంటే మాత్రం ఆయా దేశాల బ్యాండ్, పవర్ నియమాల ప్రకారం పరీక్షలు విడిగా చేయించాలి.

చివరి పరీక్ష

అంతా అయ్యాక పట్టీ కట్టుకుని, సైగ చేయాలన్న ఆలోచనే లేకుండా ఒక పూట మామూలుగా గడపండి. షూ లేసులు కట్టుకోండి, రాసుకోండి, ఫోన్ మాట్లాడండి, బట్టలు మడత పెట్టండి. పరికరం తనంతట తాను ఎన్నిసార్లు 'సైగ వచ్చింది' అన్నదో, అప్పుడు మీరేం చేస్తున్నారో రాసుకోండి. గంటకు ఒకటి రెండు కంటే ఎక్కువ ఉంటే ఎవరూ దాన్ని చేతికి ఉంచుకోరు. ఆ చిట్టాలో ఉన్న పనులన్నిటినీ రికార్డ్ చేసి 'ఏదీ కాదు'లో కలపండి. అప్పటికీ తగ్గకపోతే ఒక మేలుకొలుపు సైగ పెట్టండి. బొటనవేలికి నడిమి వేలును వెంటవెంటనే రెండుసార్లు తాకిస్తేనే తర్వాతి మూడు సెకన్లు వింటుంది, లేకపోతే నిద్రే. బ్యాటరీ కూడా మిగులుతుంది.